చుట్టపుచూపు



మా పెద్దబ్బాయి జర్మనీ దేశంలో మ్యూనిక్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. 2024 ఏప్రిల్ నెలలో నేను, మా ఇంటావిడ అక్కడికి వెళ్ళి మూడు నెలలకు కొంచెం తక్కువగా ఉండి వచ్చాము. 180 రోజులలో 90 రోజులకు మించి ఉండరాదని వీసా నిబంధన. తిరిగి బరంపురం చేరిన తరువాత సంఘములో చాలామంది అడిగినది ఒక్కటే, "మాష్టారూ, అక్కడ ఏమేమి చూచారు?" అని. చూచినవాటి పేర్లు చెప్పడానికి ఒక సాయంకాలం చాలును. అయితే ఆ చూచుటలోనే నన్నొక ప్రశ్న పట్టుకొన్నది. డబ్బు చెల్లించి ఒక ఊరిని చూచి వచ్చినవానికి, ఆ ఊరివారి యెడల ఇంకా ఏమైనా బాకీ మిగిలి ఉంటుందా? ఇది చాలా చిన్న ప్రశ్నగా కనబడుతుంది. నాకు కూడ మొదట అలాగే కనబడింది.

అక్కడి మన పిల్లల జీవితాన్ని గురించి రెండు మాటలు చెప్పాలి. సోమవారం నుండి శుక్రవారం వరకు తల ఎత్తకుండా పని చేస్తారు. శుక్రవారం సాయంత్రం నలుగురైదుగురు స్నేహితులు కలిసి, భుజానికొక సంచీ తగిలించుకొని రాత్రి బస్సు ఎక్కుతారు. శని, ఆదివారాలు ఏదో ఒక పట్టణం చూచి, ఆదివారం రాత్రి మరల బస్సెక్కి, సోమవారం తెల్లవారి స్నానం చేసి ఆఫీసుకు పోతారు. "ఇంటి దగ్గర పడుకొని విశ్రాంతి తీసికొనవచ్చును గదరా" అంటే, "ఇదే విశ్రాంతి నాన్నా" అన్నాడు మావాడు. మే నెల రెండవ శని, ఆదివారాలకు వారు వెనిస్ పట్టణానికి బయలుదేరుతూ నన్ను కూడ రమ్మన్నారు. మా ఇంటావిడకు మోకాళ్ళ నొప్పులు. ఆ ఊరిలో నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయని, చాలా వంతెనలకు మెట్లుంటాయని తెలిసిన తరువాత ఆమె నిశ్చింతగా ఇంటి దగ్గర ఉండిపోయింది.

మేము ఐదుగురము. నేను, మావాడు, పై చదువు చదువుకొంటున్న గుంటూరు అబ్బాయి, షోలాపురం అమ్మాయి, హోసూరు అమ్మాయి. షోలాపురం అమ్మాయి తాతగారు తెలంగాణ నుండి మగ్గం పనికి వచ్చి అక్కడే స్థిరపడినవారు. హోసూరు అమ్మాయి ఇంట్లో తెలుగు, బడిలో తమిళము. ఆ బస్సులో మా మాటలు వింటే ఐదు రకాల తెలుగు వినబడేది. బస్సు జర్మనీ విడిచి, ఆస్ట్రియా దాటి, బ్రెన్నర్ కనుమ ఎక్కి దిగి ఇటలీలో ప్రవేశించింది. నాకు నిద్ర పట్టలేదు. పిల్లలు నలుగురూ హాయిగా నిద్రపోయారు.

వెనిస్‌లో బస ఖరీదు మావంటివారికి అందదు. అందుచేత నీటికి ఇవతల గట్టున ఉన్న మెస్త్రే అనే చోట రెండు గదులు తీసికొన్నాము. అక్కడి నుండి రైలులో సుమారు నాలుగు కిలోమీటర్ల వంతెన దాటితే పట్టణం. పది, పన్నెండు నిమిషాల ప్రయాణం. మేము దిగిన బసలో తాళపుచెవులు ఇచ్చినతను బంగ్లాదేశ్‌వాడు. నేను ఒరియాలో మాట్లాడాను, అతను బెంగాలీలో జవాబిచ్చాడు. ఆ రెండు భాషలకూ దగ్గర చుట్టరికం కనుక మాకిద్దరికీ ఇబ్బంది కలుగలేదు. పగలు వెనిస్‌లో ఒక భోజనశాలలో గిన్నెలు కడుగుతాడట. రాత్రి ఇక్కడ తాళపుచెవులు చూచుకొంటాడు. తమ్ముడు ప్రక్కనే మర్గేరాలో ఓడలు కట్టే కర్మాగారంలో పని చేస్తున్నాడు. విహారయాత్రలకు వాడే పెద్ద పెద్ద ఓడలు అక్కడ తయారవుతాయి. ఆ ఓడలనే 2021 ఆగస్టు నుండి పట్టణం నడుమనున్న కాలువలోనికి రానివ్వడం మానివేశారు. "మీరు వెనిస్‌లో ఎప్పుడైనా కాపురమున్నారా?" అని అడిగితే అతను నవ్వాడు. "అక్కడ ఇళ్ళున్నవి మీకోసం దాదా, మాకోసం కాదు" అన్నాడు. అందులో కోపం లేదు. వానాకాలంలో వాన పడుతుంది అన్నట్లు చెప్పాడు.

ఆ సంవత్సరమే, అనగా 2024 ఏప్రిల్ 25వ తేదీ నుండి, వెనిస్‌వారు పగలు వచ్చి సాయంత్రానికి పోయేవారి మీద 5 యూరోల ప్రవేశ రుసుము పెట్టారు. ఆ ఏడాది 29 రోజులు మాత్రమే దానిని అమలు జరిపారు, అవి ఎక్కువగా శని, ఆదివారాలు. పట్టణ మునిసిపాలిటీ హద్దులో రాత్రి బస చేసేవారికి మినహాయింపు. మెస్త్రే కూడ ఆ మునిసిపాలిటీలోనిదే కాబట్టి మాకు రుసుము లేదు, కాని ఫోనులో ఒక గుర్తు చూపించాలి. స్టేషను బయట నిలబడిన యువకులు అది చూచి మమ్ములను పోనిచ్చారు. ఒక ఊరిలో అడుగు పెట్టడానికి చీటీ చూపించడం నా జీవితంలో అదే మొదటిసారి. గుంటూరు అబ్బాయి "సినిమా హాలులోకి పోయినట్టుంది మాష్టారూ" అన్నాడు. సరదాకు అన్న మాటే గాని, నేను తరువాత దానిని చాలాసార్లు తలచుకొన్నాను.

ఊరి అందం వర్ణించే శక్తి నాకు లేదు. వీధులున్న చోట నీళ్ళు, బస్సులున్న చోట పడవలు. మేము ముందుగా సెయింట్ మార్క్ దేవాలయము చూడబోయాము. 828వ సంవత్సరంలో ఇద్దరు వెనిస్ వర్తకులు అలెగ్జాండ్రియా నుండి మార్కు సువార్తికుని దేహాన్ని దొంగిలించి, తనిఖీవారు ముట్టకుండా దానిమీద పంది మాంసం కప్పి తెచ్చారని అక్కడివారు చెప్పుకొంటారు. ఆ దేహం కొరకు కట్టినదే ఆ దేవాలయము. దొంగిలించినది సువార్తికుని కనుక పుణ్యమే అనుకొన్నారు కాబోలు! లోపలికి పోవడానికి టిక్కెట్టు ఉన్నది, ఎండలో పొడవైన క్యూ ఉన్నది. ప్రార్థన చేసికొనడానికి వచ్చినవారికి ప్రక్కన వేరే ద్వారము, అక్కడ టిక్కెట్టు లేదు, క్యూ లేదు. గుంటూరు అబ్బాయి నా చెవిలో "మాష్టారూ, మీరు సంఘ పెద్ద గదా, మీ వెనుక మేమూ ఆ ద్వారంలోంచి పోదాం" అన్నాడు. దాచుకొనుట ఎందుకు, నా కాళ్ళు రెండడుగులు అటు వేశాయి. ప్రార్థన చేయలేనివాడను కాను, లోపలికి పోతే నిజముగానే చేస్తాను. కాని నన్ను అటు నడిపిస్తున్నది ప్రార్థన కాదు, ఎండ. వెనుకకు వచ్చి క్యూలో నిలబడ్డాము. ఐదుగురిలో ముగ్గురు నన్ను చూచి మూతి ముడుచుకొన్నారు.

ఇంతవరకు నేను మంచివాడినే. ఆ మధ్యాహ్నం జరిగినది వేరు.

సెయింట్ బర్తొలొమేయు పేరుగల ఒక కూడలిలో మందుల దుకాణమున్నది. ఆ దుకాణం అద్దంలో 2008 నుండి ఒక అంకెల పలక వెలుగుతూ ఉంటుంది. అది ఉష్ణోగ్రతా కాదు, బంగారం ధరా కాదు. ఆ దీవుల పట్టణంలో ఇంకా ఎందరు కాపురముంటున్నారో ఆ లెక్క. 1951లో దాదాపు 1,75,000 మంది ఉండేవారు. 2022లో ఆ సంఖ్య 50,000కు దిగువకు పడిపోయింది. 2023లో పట్టణంలో యాత్రికుల పడకల సంఖ్య నివాసుల సంఖ్యను మించిపోయినదని పత్రికలు వ్రాసినాయి. అనగా ఒక్కొక్క నివాసికి ఒక్కొక్క అతిథి పడక, ఆపైన కొన్ని మిగులు. నేను ఉపాధ్యాయుడను కనుక హాజరుపట్టీ గుర్తుకు వచ్చింది. రోజు రోజుకీ పిల్లలు తగ్గిపోయే బడిని నేను చూచినవాడను. మన తెలుగు మీడియం బడులలో పనిచేసినవారందరూ చూచే ఉంటారు.

అక్కడి నుండి జనసమ్మర్దం తప్పించుకొందామని ఒక సందులోకి తిరిగాము. రెండు చేతులు చాపితే రెండు గోడలు తగిలేంత సందు. పైన ఈ కిటికీ నుండి ఆ కిటికీకి తాడు కట్టి బట్టలారవేశారు. క్రింది అంతస్తులో ఒక కిటికీ తెరచి ఉన్నది. లోపల ఒక ముసలామె చిన్న బల్ల దగ్గర కూర్చొని పచ్చి బఠాణీలు ఒలుచుకొంటున్నది. తల కొంచెం వంచి, పెదవులు కొంచెం కదుపుతూ, అచ్చముగా మా అమ్మ వలె! మా అమ్మ పోయి ఐదేళ్ళయినది. నా గుండె ఒక్కసారి నీరైపోయింది. నా చేయి మాత్రం ఏమి చేసినదో చెప్పనా? జేబులోంచి ఫోను తీసి ఫొటో తీసింది.

ఆ చప్పుడుకు ఆమె తల ఎత్తింది. నన్ను తిట్టలేదు. లేచి వచ్చి, ఒకటి తరువాత ఒకటిగా రెండు కిటికీ రెక్కలూ మూసింది. ఆ మూయుటలో తొందర లేదు. రోజూ చేసే పని వలె ఉన్నది. మే నెల ఎండలో, పట్టపగలు, ఆమె ఇక దీపం వేసికొనే ఒలుచుకొని ఉంటుంది.

ఆ తరువాత ఒక చిన్న వంతెన దగ్గర మా మధ్య వాదం నడిచింది. నేను బాధపడుతున్నట్లు చూచి గుంటూరు అబ్బాయి అన్నాడు: "ఇందులో తప్పేమున్నది మాష్టారూ? మనం ఊరికే రాలేదు. బస్సుకిచ్చాం, గదికిచ్చాం, గదిమీద పన్నిచ్చాం, పడవకు ఒక్కసారికి 9 యూరోల 50 సెంట్లు ఇచ్చాం. ఈ ఊరు మనలాంటివాళ్ళ మీదే బ్రతుకుతున్నది. డబ్బిచ్చాం కదా, ఇంకేం బాకీ?"

అతను తెలివిగల పిల్లవాడు, అతని మాటలో బలమున్నది. నేను అప్పుడు చక్కగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలిగినది ఇది. మేము డబ్బిచ్చినది నిజమే. కాని ఎవరికిచ్చాము? బస్సువానికి, బసవానికి, పడవల కంపెనీకి, మునిసిపాలిటీకి. కిటికీ మూసికొన్నది వేరొక మనిషి. డబ్బు ఒకరి చేతికి పోయింది, ఇబ్బంది మరొకరి ఇంటికి పోయింది. బజారులో కూరగాయలమ్మేవానికి డబ్బిచ్చి, ప్రక్కింటివాని పెరడు త్రొక్కి పోతే లెక్క సరిపోయినట్లా? పైగా మేము అంత దూరము నుండి వచ్చినది పడవ చూడడానికి కాదు, గది చూడడానికి అసలే కాదు. మనుష్యులు వెయ్యి సంవత్సరాలకు పైగా నీటి మీద కాపురముండి చూపిన విధము చూడడానికి వచ్చాము. ఆ కాపురమున్నవారికే మా రశీదులలో చోటు లేదు.

షోలాపురం అమ్మాయి వాదం వేరు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది అదే. "మాష్టారూ, పూర్వం ఇక్కడికి ఇంగ్లండు జమీందారుల పిల్లలు వచ్చి నెలల తరబడి ఉండేవారట. వాళ్ళను ఎవరూ గుంపు అనలేదు, యాత్రికులన్నారు. మా తాత జీవితంలో ఒక్క రోజు సెలవు పెట్టి ఏ ఊరూ చూడలేదు. నాకు రెండు రోజులు దొరికితే, చవక బస్సులో వస్తే, అప్పుడు ఊరు చెడిపోయిందంటున్నారా?" అన్నది. ఈ మాటకు ఎదురు చెప్పుటకు నాకు నోరు రాలేదు, ఇప్పటికీ రాదు. చూచే హక్కు డబ్బున్నవారి ఆస్తి కారాదు. 5 యూరోలు గాక 50 పెడితే ఊరు ఖాళీ అవుతుంది, కాని మిగిలేది మర్యాదస్థులు కాదు, డబ్బున్నవారు. అందుచేత "పేదవారు ఇంటి దగ్గర ఉండండి" అనేది నా జవాబు కానే కాదు.

అయినా ఆ రుసుము గురించి మరొక మాట ఉన్నది. ఇజ్రాయెల్ దేశంలో హైఫా పట్టణంలో పసిపిల్లల సంరక్షణ కేంద్రాలు పదింటిలో ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు ఒక పరిశీలన జరిపి 2000వ సంవత్సరంలో ప్రచురించారు. సాయంత్రం పిల్లలను తీసుకుపోవడానికి ఆలస్యంగా వచ్చే తలిదండ్రులకు కొన్ని కేంద్రాలలో జుల్మానా పెట్టారు. ఆలస్యం తగ్గుతుందనుకొంటే పెరిగింది. అంతకు ముందు ఆయమ్మను కాచుకొని కూర్చోబెట్టామే అని సిగ్గు ఉండేది. జుల్మానా వచ్చాక ఆ సిగ్గు పోయి, అది ఒక ధర అయిపోయింది. ఇంకా విచిత్రం, జుల్మానా తీసివేసిన తరువాత కూడ ఆలస్యం తగ్గలేదు. ఇది చదివినప్పుడు మా బడిలో ఆలస్యానికి పెట్టిన పావలా జుల్మానా జ్ఞాపకం వచ్చింది. డబ్బున్న ఇంటి పిల్లవాడు వారానికి సరిపడా చిల్లర ముందే తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు! టిక్కెట్టు చేసే పని అదే. బాకీ తీర్చదు, బాకీ ఉన్నదన్న సంగతిని మరపిస్తుంది. సినిమా హాలులో టిక్కెట్టు కొన్నవాడు తెరమీది మనిషిని అనుమతి అడుగుతాడా?

ట్రైనింగులో చేరినప్పుడు మాకు రూసో, పెస్టాలొజ్జీ, ఫ్రోబెల్, కాంట్ అని పేర్లు నేర్పేవారు. పరీక్షకు పది మార్కుల కొరకు బట్టీ పట్టి, పరీక్ష హాలులోనే వదలి వచ్చాము. కాంట్ అనే ఆ జర్మను తత్త్వవేత్త తన ప్రాంతం విడిచి దూరప్రయాణం చేయనివాడు. అయినా 1795లో దేశాల మధ్య శాశ్వత శాంతిని గురించి వ్రాసిన చిన్న పుస్తకంలో ప్రయాణికుల విషయం ఎత్తాడు. భూమి గుండ్రముగా ఉన్నది, మనుష్యులు ఎంత దూరం పోయినా మరల ఒకరికొకరు ఎదురుపడక తప్పదు, కనుక పరదేశానికి వచ్చినవానిని శత్రువుగా చూడరాదు, అది వానికున్న హక్కు అన్నాడు. కాని ఆ హక్కు రావడానికి, కనబడడానికి మాత్రమే. అతిథిగా ఉండే హక్కు కాదు, దానికి ఇంటివారి ఒప్పుదల కావాలి అని కూడ అన్నాడు. ఐరోపావారు మనవంటి దేశాలకు వచ్చి, రావడాన్నే గెలవడంగా చేసికొన్నారని ఆయన అప్పుడే మందలించాడు. ఇది చదివితే నాకు నా తప్పు స్పష్టమైనది. ఆ సందులో నడిచే హక్కు నాకున్నది. ఆ సందు అందరిది. కిటికీ లోపలికి చూచి దానిని జేబులో వేసికొనే హక్కు నాకెవరు ఇచ్చారు? నన్ను చుట్టముగా ఎంచాలో లేదో నిర్ణయించవలసినది ఆమె. ఆమె నిర్ణయించింది, కిటికీ మూసింది.

మన తెలుగులో చుట్టపుచూపు అనే మాట ఉన్నది. మీరూ నేనూ ఎన్నిసార్లు వాడినామో. తాతల కాలంలో ఊరు విడిచినవారము కనుక తెలుగు దేశానికి మనం పోయేది చుట్టపుచూపుగానే. రెండు రోజులు ఉంటాము, తిరిగి వస్తాము. వెనిస్‌లో మేమున్నదీ రెండు రోజులే. అయితే చుట్టపుచూపుగా పోయినవాడు వాకిట్లో నిలబడి దగ్గుతాడు, లేక పిలుస్తాడు. ఇంటివారు "రండి" అంటే లోపలికి వస్తాడు. వంటింట్లో ఏమున్నదని తొంగి చూడడు. ఆ మాటలో చూపు ఉన్నది గాని, చుట్టరికం ముందు, చూపు తరువాత. నేను ఆ వరుస తారుమారు చేశాను.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను మన గోపాలపురం దగ్గర తీరం దాటింది. బరంపురంలో మా ఇంటి ప్రక్క గోడ కూలింది, పైకప్పు రేకులు ఎక్కడ పడినవో దొరకలేదు. రెండు వారాల తరువాత ఒక ఆదివారం పెద్ద ఊరి నుండి కార్లలో కొందరు సముద్రపుటొడ్డున జరిగిన నష్టం చూడడానికి వచ్చి, తిరిగి పోతూ మా పేటలో ఆగారు. సహాయానికి వచ్చినవారు కారు, చూడడానికి వచ్చినవారు. మా అమ్మ ఆ కూలిన గోడ ప్రక్కన పీట వేసికొని బియ్యం ఏరుకొంటున్నది. ఒకాయన కారు దిగి ఆమెను ఫొటో తీసికొని, నవ్వి, పోయాడు. నేను ఇంట్లోంచి బయటికి వచ్చేటప్పటికి కారు మలుపు తిరిగింది. ఆయన చెడ్డవాడని నేననను. ఆయనకూ తల్లి జ్ఞాపకం వచ్చిందేమో! అమ్మ మాత్రం చాలా రోజులు ఆ మాట ఎత్తేది. "ఆ ఫొటో ఏం చేసికొంటాడురా? నేనెలా పడ్డానో చూపించనైనా లేదు" అనేది. ఒకసారి "తల దువ్వుకోలేదు గదా ఆ రోజు" అన్నది. ఇల్లు పడిపోయిన బాధ కొద్ది నెలలలో తగ్గింది. తల దువ్వుకోని ఫొటో ఎవరి దగ్గరనో ఉన్నదన్న సంగతి ఆమె పోయేవరకు పోలేదు.

అది తెలిసినవాడను నేనే ఆ సందులో ఆ పని చేశాను.

ఆదివారం ఉదయం బసలోనే అరగంట ప్రార్థన చేసికొన్నాము. గుంటూరు అబ్బాయి, హోసూరు అమ్మాయి మన మతస్థులు కారు, అయినా మర్యాదగా కూర్చున్నారు. తరువాత పట్టణానికి ఉత్తరపు ప్రక్కనున్న ఘెట్టో చూడబోయాము. లోకమంతా ఈనాడు వాడే ఆ మాట అక్కడ పుట్టినదే. అంతకు మునుపు అక్కడ లోహం పోతపోసే పని జరిగేదట, దానినిబట్టి ఆ పేరు. 1516లో వెనిస్ ప్రభుత్వము యూదులందరూ ఆ ఒక్క చిన్న దీవిలోనే ఉండాలని శాసించింది. రాత్రి కాగానే ద్వారాలు మూసేవారు, తెల్లవారిన తరువాత తెరిచేవారు. కావలివారు క్రైస్తవులు. ఆ కావలివారి జీతం చెల్లించవలసినది మాత్రం లోపల బంధింపబడిన యూదులు! రాత్రివేళ బయటికి పోయే అనుమతి వైద్యులకుండేది, ఎందుకంటే జబ్బుపడ్డ దొరలకు వారు కావాలి. స్థలం పెంచడానికి వీలు లేక ఇళ్ళను పైకి పైకి కట్టుకొన్నారు. ఆ ఊరిలో మరెక్కడా అంత ఎత్తు ఇళ్ళు, అంత పొట్టి కిటికీలు నేను చూడలేదు. 1797లో నెపోలియన్ సైన్యం వచ్చి ఆ ద్వారాలు తొలగించింది. 1943, 1944 సంవత్సరాలలో వెనిస్ నుండి రెండు వందలకు పైగా యూదులను పట్టుకొనిపోయారు, తిరిగి వచ్చినవారు ఎనిమిది మంది. ఆ సంగతి గోడకు ఫలకాలు పెట్టి తెలిపారు.

నేను అక్కడ ఒక బల్లమీద చాలాసేపు కూర్చున్నాను. కావలివారు క్రైస్తవులన్న మాట నా గొంతులో అడ్డు పడింది. ఆ వెనిస్ ప్రభుత్వం అనుకొన్నదేమి? యూదుల దగ్గర అప్పు కావాలి, పన్ను కావాలి, వైద్యం కావాలి. నివాసమునకు ఒడంబడిక వ్రాసి, ఇన్ని సంవత్సరాలకు ఇంత అని సొమ్ము పుచ్చుకొన్నారు. లెక్క సరిపోయింది గదా, ఇంకేం బాకీ? నిన్న వంతెన దగ్గర మేము అన్న మాటే. అప్పుడు ఊరివారు పరదేశులతో అన్నారు, ఇప్పుడు పరదేశులము మేము ఊరివారితో అంటున్నాము. ఇక మెస్త్రేలో తాళపుచెవులిచ్చిన అతని సంగతి తలచుకొంటే, పగలు పనికి లోపలికి, రాత్రి కాగానే వంతెన అవతలికి. ద్వారాలు లేవు, కావలివారు లేరు, అద్దె ఆ పని చేస్తున్నది. ఈ రెంటినీ ఒకటని నేననను. ఆనాటిది శాసనము, ఈనాటిది బజారు. కాని పరాయి ఊళ్ళో స్థిరపడి, ఇంటికి "తెలుగువారికి ఇవ్వము" అనే మాట ఒక్కసారైనా విన్నవారికి, ఆ రెంటి మధ్య దూరం ఎంతో నేను చెప్పనక్కరలేదు.

ఘెట్టో నుండి బయలుదేరుతూ "ఆ సందుకు మరల ఒకసారి పోదాము" అన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. షోలాపురం అమ్మాయి ఫోనులో ఇటాలియను భాషలో క్షమాపణ మాట ఎలా పలకాలో చూచి నాకు నేర్పింది. నడుస్తూ వల్లె వేసికొన్నాను. ఆ మందుల దుకాణం దొరికింది, అంకెల పలక కనబడింది. అక్కడి నుండి ఏ సందు? ఎడమ అని నేను, కుడి అని మావాడు. రెండు గంటలు తిరిగాము. ప్రతి సందులోను బట్టలు ఆరుతున్నాయి, ప్రతి గోడకూ మూసిన కిటికీ రెక్కలున్నాయి. ఆ రెక్కల రంగు పచ్చదనుకొన్నాను, అక్కడ చాలా ఇళ్ళకు పచ్చ రంగే. ఒకచోట ఇదే అనిపించి నిలబడ్డాను, తట్టబోయి చేయి వెనుకకు తీసికొన్నాను. ఇది కాకపోతే మరొకరి విశ్రాంతి చెడగొట్టినవాడనవుతాను. బస్సు వేళ అయినదని పిల్లలు తొందరపెట్టారు.

బస్సు వెరోనా దాటిన తరువాత నా ఫోనులోంచి ఆ ఫొటో తీసివేశాను. తీసివేయడానికి ముందు ఒకసారి చూచాను, అది కూడ ఒప్పుకొంటున్నాను. చక్కగా వచ్చింది. వెలుగు ఆమె చేతులమీద పడింది. మావాడు "నాన్నా, నీ ఫోనులోవన్నీ నిన్ననే అందరికీ పంపించాను గదా" అన్నాడు. అప్పుడు నలుగురూ తమ ఫోన్లు తీసి వెదకి ఒక్కొక్కరూ తీసివేశారు. గుంటూరు అబ్బాయి మాత్రం తల దించుకొని కూర్చున్నాడు. ఆ ఆదివారం మాతృదినోత్సవం. అతను వాళ్ళమ్మకు ప్రయాణం ఫొటోలు పంపుతూ అది కూడ పంపాడట. ఆమె నుండి జవాబు వచ్చి ఉన్నది. నాకు చూపించాడు. "ఈవిడెవరు నాన్నా? మీ మాష్టారి చుట్టాలా?" అని అడిగింది.

"ఏమని వ్రాయమంటారు మాష్టారూ?" అన్నాడు.

"కాదని వ్రాయి. అడగకుండా తీసినది, తీసివేయమని చెప్పు" అన్నాను. అతను అలాగే వ్రాసి పంపాడు. ఆమె తీసివేసినదో లేదో నేను మరల అడగలేదు.